డైరెక్టరుగారు వెతికిన పుస్తకం

ఆ రోజు పదకొండింటికి డైరెక్టరు గ్రంథాలయానికి వస్తాడు, కంప్యూటరులో పుస్తకాలు వెతికే ఏర్పాటు చూస్తాడు, నచ్చితే ప్రోగ్రామరు కాంట్రాక్టు పొడిగిస్తాడు. నచ్చకపోతే ఆమె ఇంటిదారి పట్టాలి. పైగా ఆమెను అక్కడ పెట్టించింది లైబ్రేరియనైన సొంత పిన్ని. ఉద్యోగం పోవడం ఒక ఎత్తయితే పిన్ని చేత మాటలు పడడం ఒక ఎత్తు.

చిక్కంతా భాషతోనే. పెద్ద భాషలకైతే మాటను విడగొట్టి పోల్చుకునే సరంజామా తయారుగా దొరుకుతుంది. మన భాషకు ఆ దిక్కు లేదు. పేరు పొల్లుపోకుండా కొడితే తప్ప యంత్రం నోరు విప్పేది కాదు. వేసారిపోయిన ప్రోగ్రామరు ఆ ఉదయం ఒక ఉపాయం చేసింది. ప్రతి మాటనూ రెండేసి అక్షరాల ముక్కలుగా తరిగి, ఏ ఒక్క ముక్క కలిసినా ఆ పుస్తకం చూపించమంది. ఇక దొరకకపోవడమన్నదే ఉండదని మురిసిపోయి కాఫీకి వెళ్ళింది.

తొమ్మిదింటికి డైరెక్టరు ఇంట్లో కూర్చుని 'తేనెటీగల పెంపకం' కోసం వెతికాడు. 'దొంగల కథలు', 'తీగల పాదులు' మొదలుకొని ఆరువందల నలభై పుస్తకాలు లేచి కూర్చున్నాయి. డైరెక్టరు వెతికితే ఆయన అడిగేదాకా ఆగకూడదని, తెరమీద కనబడిన ప్రతిదానికీ, ఆ పుస్తకం బయటికి తెమ్మని స్టోరులో చీటీ అచ్చయ్యేలా పిన్ని ఎప్పుడో కట్టుదిట్టం చేయించింది. అచ్చయ్యాయి.

స్టోరుకీపరు ముప్పై ఏళ్ళ కిందట ఒకసారి ఎందుకని అడిగి మెమో తిన్న మనిషి. మళ్ళీ అడగలేదు. బండి చాలకపోతే భుజాన మోశాడు. పిన్ని అది చూసి, ఇది చెప్పకుండా చేసే తనిఖీ అని తీర్మానించుకుని వాచ్‌మన్నూ తోటమాలినీ కూడా పురమాయించింది. అడిగినవన్నీ బయట పెట్టిస్తున్నామని డైరెక్టరుకు ఫోను చేసింది. ఒక్క పుస్తకానికి ఇంత వినయమా అని ఆయన పొంగిపోయాడు.

ప్రోగ్రామరు తిరిగొచ్చేసరికి మెట్లమీద అడుగు పెట్టే చోటు లేదు. సంగతి అర్థమై పిన్ని దగ్గరికి పరుగెత్తింది.

"పిన్నీ, ఆపించు. తప్పు నాదే."

"నోర్ముయ్యవే. డైరెక్టరుగారి ఆర్డరు నేనాపడమేమిటి?"

ఈలోగా పుస్తకాలు ఉచితంగా పంచుతున్నారని వీధిలో పుకారు లేచింది. సంచులతో జనం దిగారు. పిన్ని వాకిట్లో చేతులు బారచాపి నిలబడింది. డైరెక్టరు కారు దిగి, లోపలికి దారి ఎటో తెలియక కాసేపు నిలబడి, ఎవరి నిర్వాకమని అడిగాడు. ప్రోగ్రామరు ముందుకొచ్చి దాచకుండా చెప్పేసింది.

"సరే. ఇన్నిట్లో నేనడిగింది ఉందా?"

అందరూ గంటసేపు వెతికారు. లేదు. డైరెక్టరు ముఖం గంటు పెట్టుకుని, కాంట్రాక్టు సంగతి ఇక మరిచిపొమ్మనబోయాడు. అప్పుడు స్టోరుకీపరు గొంతు సవరించుకున్నాడు.

"అది దొరకదండి. మూడేళ్ళ కిందట తమరే పట్టుకెళ్ళారు. సంతకం చేసిన చీటీ నా దగ్గరుంది."

చీటీ తెచ్చి చూపించాడు కూడా. సంచులతో వచ్చినవాళ్ళు సైతం తొంగి చూశారు. డైరెక్టరు కళ్ళజోడు తుడుచుకుని, ఉపాయం మంచిదేననీ, రెండక్షరాలకు బదులు మూడు చేస్తే సరిపోతుందనీ అన్నాడు.

సాయంత్రానికి కాంట్రాక్టు ఏడాది పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. కారణాలు అన్నచోట ఆయన ఏమీ రాయలేదు.