ఫార్వర్డ్ చెయ్యరాదు, ప్రింట్ తియ్యరాదు

మెయిలు పంపేవాడికి అధికారం ఉంటే చాలు, అందుకునేవాడికి చేతులు కూడా ఉండనక్కర్లేదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఈమధ్య ఆఫీసుల్లో తాళం వేసిన మెయిళ్లు వస్తున్నాయి, చూశారా? వాటిని చదవచ్చు, అంతే. ఇంకొకరికి ఫార్వర్డ్ చెయ్యలేరు, ప్రింట్ తియ్యలేరు, ఒక్క వాక్యం కాపీ కొట్టలేరు. ఇరవై నాలుగు గంటలు దాటితే అది తనంతట తానే మాయమైపోతుంది. మనిషి కనిపెట్టినవాటిలో ఇంత మర్యాద తెలిసిన వస్తువు మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

కాదనే మొండివాళ్లు కొందరుంటారు. వాళ్ల కోసమే ఈ తాయప్ప సంగతి.

రాయచూరు నుంచి కల్మల పోయే దారిలో ఒక పవర్ ప్లాంటు ఉంది. పేరు అడక్కండి, పేరు కూడా ఫార్వర్డ్ చెయ్యరాదని అక్కడ రూలు. తాయప్ప అక్కడ టైమ్ ఆఫీసులో గుమాస్తా. పైనుంచి వచ్చిన ప్రతి మెయిలునూ ప్రింట్ తీసి, రబ్బరు స్టాంపు గుద్ది, గేటు దగ్గరా క్యాంటీన్లోనూ బొగ్గు యార్డులోనూ ఉన్న బోర్డులకు అంటించడం పంతొమ్మిదేళ్లుగా ఆయన పని. అంటించి ఊరుకోడు. షిఫ్టు దిగినవాళ్లు గుమిగూడితే తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చదివి వినిపిస్తాడు. బొగ్గు ఊడ్చేవాళ్లకు మెయిల్ ఐడీ ఎవరిస్తారు? వాళ్ల మెయిల్ ఐడీ తాయప్పే.

ఎంత వెనకబాటుతనం! వడ తింటూ ప్రతివాడూ యాజమాన్యం మనసు తెలుసుకోవడమా? అందుకే పైవాళ్లు తాళాలు తెచ్చారు. తెచ్చాక ఎంత ప్రశాంతత! కంపెనీ బస్సు వేళ మారిందన్న మెయిలుకి తాళం పడింది. డ్రైవరుకు చెప్పే అధికారం ఎవరికీ లేకపోయింది. బస్సు పాత వేళకే నడిచింది, మారిన వేళకు వచ్చినవాళ్లు నడిచి ఆరోగ్యం పెంచుకున్నారు. ఆయుధపూజ పిలుపుకి తాళం పడింది. తొక్కిసలాట లేకుండా పదకొండు మంది ఆఫీసర్లు నూటయాభై కొబ్బరికాయలు కొట్టుకున్నారు, పాపం చేతులు నొప్పెట్టాయట. ఒక పెద్దమనిషి రిటైర్మెంటు సన్మానం మెయిలుకి కూడా తాళమే. ఆయన పేరు లిస్టులో లేదు, ఆయనకు చెప్పే హక్కు లిస్టులో ఉన్నవాళ్లకు లేదు. శాలువా కుర్చీకి కప్పారు. ఆయన ఇంట్లో హాయిగా నిద్రపోయాడు.

ఇలా అంతా బాగా సాగుతుండగా ఒక సోమవారం ఉదయం ఇంకో మెయిలు వచ్చింది. తాయప్ప స్క్రీన్ మీదికి వంగి చదివాడు. ప్లాంటు బూడిద నీళ్లు వదిలే చెరువు గట్టు కారుతోంది, గురువారం దాకా కాలనీ బోరు నీళ్లు ఎవరూ తాగరాదు. కింద ఎర్ర అక్షరాల్లో తాళం. జనం కంగారు పడకూడదని! ఎంత దయో చూడండి.

ప్లాంటు కాలనీలో రెండు వందల ఇళ్లు, తాయప్ప ఇల్లూ అక్కడే, అందరికీ ఒకటే బోరు. తాయప్ప ప్రింట్ నొక్కాడు, రాలేదు. మళ్లీ నొక్కాడు, మీకు అనుమతి లేదని కంప్యూటర్ మర్యాదగా చెప్పింది. చివరికి తెల్లకాగితం తీసి, మెయిలు చూస్తూ పెన్నుతో రాసి, పరుగున పోయి గేటు బోర్డుకి అంటించాడు. ఇంత పెద్ద తాళాలు చేసినవాళ్లకు పెన్ను సంగతి తోచకపోవడం నాకు చాలా విచారంగా ఉంది.

ఎవరూ చదవకముందే అడ్మిన్ ఆఫీసరు గురురాజ్ వచ్చి దాన్ని పర్రున చింపేశాడు.

"ఏందిది తాయప్పా? కాపీ చెయ్యొద్దని రాస్తే కండ్లకు కానొస్తలేదా?"

"సార్, నీళ్ల ముచ్చట గదా. పిల్లలు తాగుతరు."

"ఎవరికి ఎప్పుడు చెప్పాల్నో పైవాళ్లు చూసుకుంటరు. నీ నోట్లకెళ్లి ఇంకొక్క మాట వచ్చిందా, నౌకరీ పోతది. యాద్ పెట్టుకో."

తాయప్పకు ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. కుర్చీలోకి వెళ్లి కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భార్య మద్దమ్మకు ఫోన్ చేశాడు.

"బోరు నీళ్లు తాగొద్దు. క్యాను తెప్పియ్యి. ఎవ్వరికి చెప్పకు."

ఎవ్వరికీ చెప్పకు! తాళం వేసే విద్య ఎంత తొందరగా ఒంటబడుతుందో గమనించారా? కంపెనీకి దానికోసం లక్షల సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చింది, తాయప్పకు భయం ఒక్కటే సరిపోయింది.

మద్దమ్మ ఆ మాట దాటలేదు. గోడ అవతల ఇల్లు బసవ్వది. బొగ్గు యార్డు ఊడ్చే ముసలమ్మ, ఏడేళ్ల మనవరాలితో ఉంటుంది. రోజులాగే ఆ సాయంత్రం కూడా బోరు దగ్గర రెండు బిందెలు పట్టుకుంది.

బుధవారం తాయప్పకు మెమో వచ్చింది. నేరమేమిటో చెప్పాలి గనుక, ఆయన బయటపెట్టిన రహస్యాన్ని మాట పొల్లుపోకుండా అందులో ఎక్కించారు. అసలు మెయిలు మంగళవారమే మాయమైంది. అందుకని గురురాజ్ చింపిన కాగితం ముక్కలు అతికించుకుని, వాటిని చూసి టైపు కొట్టించారు. మెమోకి మాత్రం ఏ తాళమూ లేదు! ఎంతమందైనా చదవచ్చు, ఎన్ని కాపీలైనా తియ్యచ్చు. మూడు భాషల్లో పద్నాలుగు కాపీలు తీశారు. గుమాస్తా తప్పు తెలిస్తే జనం కంగారు పడరు గదా! అంటించమని ఎవరి చేతికిచ్చారంటారా? తాయప్పకే. ఆ పని ఆయనదే.

గేటు దగ్గర అంటించాడు. క్యాంటీన్లో అంటించాడు. బొగ్గు యార్డులో అంటిస్తుంటే బసవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"చదువు తాయప్పా."

తాయప్ప చదివాడు. తన పేరు చదివాడు, తన తప్పు చదివాడు, గట్టు కారుతోందనీ గురువారం దాకా నీళ్లు తాగరాదనీ చదివాడు.

"నిన్నటి సంది పోరికి ఒకటే వాంతులు," అంది బసవ్వ. "దవాఖానల సెలైన్ ఎక్కిస్తున్నరు. నీళ్లు మంచిగ లెవ్వని నీకు సోమవారమే ఎరుకనా?"

తాయప్ప మెమో మూల లేవకుండా బొటనవేలితో అదిమాడు.

"మీ ఇంటికి క్యాను వచ్చుడు చూసిన. చుట్టాలొచ్చిండ్రేమో అనుకున్న."

మెమోకి జవాబు మూడు రోజుల్లో ఇవ్వాలట. గురురాజ్‌కి ఏం రాసివ్వాలో తాయప్పకు తెలుసు, పంతొమ్మిదేళ్లలో అలాంటి జవాబులు ఎన్నో చూశాడు. బసవ్వ ఇంకా అక్కడే నిలబడి ఉంది. తాయప్ప బోర్డు వైపు తిరిగి, అదే మెమో కన్నడంలో చదవడం మొదలుపెట్టాడు.