స్కాట్లాండ్ పాత మాట

ఆ బుధవారం పొద్దున శివమ్మ అనుకున్నది ఒక్కటే: స్నానం చేసి వనదుర్గమ్మ పటం ముందు దీపం పెట్టి, మొగుడు తిట్టకముందే చాయ్ అందించాలి.

కానీ బక్కయ్యే చాయ్ పట్టుకొచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. పైగా నవ్వాడు. పిండి గిర్నీ నడిపే ఆ మనిషి ముఖంలో నవ్వును ఆమె పెళ్లి ఫొటోలో కూడా చూడలేదు.

"పండుకో. ఇయ్యాల మటన్ నేనే తెస్త," అని సంచి తీసుకుని, ఫోను మంచం మీదే మరిచి, కూనిరాగం తీస్తూ బజారుకు పోయాడు.

శివమ్మ చాయ్ పక్కన పెట్టేసింది. పక్కింటి ఫిలిప్ సార్ దగ్గరికి పరుగెత్తింది. చర్చి గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన ఆయన ఎవరినీ గడప తొక్కనివ్వడు, తన పుస్తకాలు ముట్టనివ్వడు. ఆ రోజు తానే గేటు తీసి కుర్చీ వేశాడు. అంతా విని, ఎప్పుడో ఒక స్కాట్లాండ్ దొర వదిలిపోయిన లావుపాటి నిఘంటువు విప్పాడు.

"'ఫే' అని వాళ్ల పాత మాట ఉన్నది చెల్లె. సావు దగ్గరపడ్డోడు అని అర్థం. గసొంటోడు ఉన్నట్టుండి గుణం మార్చుకుంటడట. పిసినారి పంచిపెడ్తడు, ఏడుపుమొఖపోడు పాటలు పాడ్తడు."

"ఇప్పుడు గూడ గట్లనే అంటరా సార్?"

"ఇప్పుడు ఏదో లోకంల ఉన్నట్టుండేటోళ్లను అంటరు. సావు సంగతి మర్శిండ్రు." ఆయన పకపకా నవ్వి పుస్తకాన్ని ఆమె ఒళ్లో పెట్టాడు. "ఉంచుకో."

"నాకు ఇంగ్లీషు రాదు సార్."

"ఏం ఫికర్ లేదు. నాకెందుకింక."

శివమ్మ తూప్రాన్‌లో ఉన్న కూతురు దేవికకు ఫోన్ చేసి, "మీ నాయిన నవ్వుతుండు బిడ్డా," అని ఏడ్చింది. దేవిక ఎల్దుర్తిలోని చిన్నాయన పరశురాంతో, "నాయిన మంచిగ లేడు," అన్నది. పరశురాం చుట్టాలందరితో, "అన్న ఆఖరు గడియల ఉన్నడు," అన్నాడు. మధ్యాహ్నానికి వాకిలి నిండింది. ఒకామె తులసి తీర్థం చెంబుతో గడపలో కూర్చుంది. టెంటు కూడా వచ్చింది.

"మనిషి ఇంక ఉన్నడు గద పరశురాం!"

"పెండ్లిళ్ల దినాలు వదినా. మళ్ల దొరకది," అన్నాడు మరిది కళ్లు తుడుచుకుంటూ.

శివమ్మ దీపం ముందు కూలబడింది. "అమ్మా, ఎన్ని తిట్లయినా పడ్త. ఈ మనిషిని ఉంచు."

అప్పుడే దోస్తులతో ముచ్చట్లు ముగించి బక్కయ్య వచ్చాడు. "ఎవడు సచ్చిండని నా ఇంటి ముంగట టెంటేసిండ్రు? ఇన్ని దినాలు సతాయించిన పన్ను రాత్రి ఊడింది. జర నవ్వితె పాడె కడ్తరా? ఇంతమందికి ఈ మటన్ ఏడ సరిపోతది?"

పేరుపేరునా అందరినీ తిట్టాడు. శివమ్మ చెంపల మీద కన్నీళ్లు కారుతుండగా చెవులారా విని, పటానికి దండం పెట్టింది.

సాయంత్రం కూర గిన్నె, నిఘంటువు పట్టుకుని పక్కింటికి వెళ్లింది. గేటు పొద్దున తీసినట్టే ఉంది. ఫిలిప్ సార్ కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. చేయి తాకితే చల్లగా తగిలింది.

గేటు తీసినప్పుడే, పుస్తకం ఇచ్చినప్పుడే తాను గుర్తుపట్టవలసింది. పొద్దుటి నుంచీ ఒక్కరి నవ్వుకే భయపడింది.

"నేను ఒక్కని గురించే అడిగిన, నిజమే అమ్మా," అన్నది శివమ్మ వనదుర్గమ్మను తలుచుకుని నెమ్మదిగా. "ఇద్దరిని అడిగితె ఇయ్యకపోదువా?"

టెంటువాడు ఇంకా గుంజలు పీకలేదు. కాస్త పక్కకు జరిపితే సరిపోయింది.