డెవేనీ గారి ఇంటికి ఎప్పుడైనా రావచ్చు

పత్రిక చదివేవారికి ముందుగా క్షమాపణ. నేను చదువు నేర్చుకున్నది ముసలితనంలో. మా ఆయన మార్టీ పోయాక, లైబ్రరీ మేడ మీద సాయంత్రం క్లాసుల్లో అక్షరాలు దిద్దాను. ఒత్తులు తప్పినా, చెప్పాల్సిన చోటికి మెల్లగా వచ్చినా ఓర్చుకోండి. సంగతి మాత్రం పెద్దది. మా కౌన్సిలర్ మలాకీ డెవేనీ గారి త్యాగం గురించి. ఆయన తన గొప్ప తానే చెప్పుకునే మనిషి కాదు. ఆ పనికి ఇద్దరిని పెట్టుకున్నారు. ఇద్దరూ సెలవులో ఉన్నారు కాబట్టి నేను రాస్తున్నాను.

పోయిన శీతాకాలంలో చర్చి హాల్లో సభ జరిగింది. ఉక్రెయిన్ అతిథులకు ఇంట్లో చోటిచ్చే కుటుంబాల కోసం ఆచరణాత్మక మార్గదర్శిని డెవేనీ గారు ఆవిష్కరించారు. రాసిందీ ఆయనే, ఆవిష్కరించిందీ ఆయనే, మొదటి ప్రతి అందుకున్నదీ ఆయనే. అట్ట మీద బొమ్మలో తన ఇంటి గుమ్మంలో రెండు చేతులూ చాచి నిలబడ్డారు. ఐర్లండ్‌లో ఏ జిల్లాకూ ఇలాంటి పుస్తకం లేదని, ఐరోపా అంతా మన వైపు చూస్తోందని ఆయన చెబితే మేమందరం వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాం. వెనక వరసలోంచి చేపల కొట్టు నడిపే కావనా లేచి, ఇంతకీ కౌన్సిలర్ గారి ఇంట్లో ఎంతమంది అతిథులున్నారని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అని డెవేనీ గారు మెచ్చుకున్నారు. వెంటనే టీ ఇచ్చారు.

టీ తాగుతూ ఆయన మా బల్ల దగ్గరికి వచ్చారు. నా పక్కన మా ఇంటి అతిథులు ఉలియానా, ఆమె తండ్రి ఒస్తాప్ కూర్చుని ఉన్నారు. డెవేనీ గారు ఒస్తాప్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు.

"మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి. ఎప్పుడైనా రండి. ఏ రోజైనా సరే."

"ఏ రోజైనా అంటే, ఆదివారం కూడానా?" అని ఉలియానా అడిగింది.

"ఆదివారం అయితే మరీ సంతోషం."

చుట్టుపక్కల వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఊళ్ళో ఎప్పుడైనా రమ్మంటే ఎప్పుడూ ఎవరూ వెళ్ళరు. అలాగే ఎవరినీ వెళ్ళిపొమ్మని మొహాన అనరు. లేవబోతుంటే "అప్పుడే ఏమిటి, కూర్చోండి" అంటారు. ఆ మాట చెవిన పడగానే కోటు తొడుక్కోవాలని ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. ఇది మార్గదర్శిలో లేదు. అందరికీ తెలిసిందే కదా అని వదిలేసి ఉంటారు.

నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మొదటి పుస్తకం అదే. అచ్చులో ఉన్న మాటను కాదనే ధైర్యం నాకింకా రాలేదు. అతిథులకు ఏకాంతం ఇవ్వమని అందులో ఉంది. మాది చిన్న ఇల్లు. అందుకని రోజూ సాయంత్రం బొగ్గుల కొట్టంలోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆతిథ్యమిచ్చిన వాళ్ళకు ఇబ్బంది కలిగించకూడదని వాళ్ళిద్దరూ వెనక గదిలోంచి బయటికి వచ్చేవారు కాదు. వంటింట్లో పొయ్యి ఒక్కటే వెచ్చగా కాలం గడిపేది. ఒకరోజు ఉలియానా నన్ను వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చింది.

"డెలియా పిన్నీ, ఇక్కడేం చేస్తున్నావు?"

"మీకు ఏకాంతం ఇస్తున్నానమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, బీట్‌రూట్ చారు గిన్నె నా ముందు పెట్టింది. ఒస్తాప్ రొట్టె కోసి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ముగ్గురం ఒకే బల్ల దగ్గర తింటున్నాం. మార్గదర్శిని ఉల్లంఘించడం అప్పుడే మొదలుపెట్టాను. అందుకు నాకు తగిన శాస్తి జరిగింది.

జనవరి వానలకు వెనక గది కప్పు ఉబ్బి, ఒక మూల పెచ్చు ఊడి ఒస్తాప్ దిండు మీద పడింది. ఆయన ఆ సమయానికి ఆస్పత్రిలో ఉండటం దేవుడి దయ. రెండు మూత్రపిండాలూ పాడై ఆయన వారంలో సగం రోజులు డయాలిసిస్‌లో ఉంటాడు. ఆస్పత్రి మా ఇంటికి నడిచే దూరం. కౌన్సిల్ ఇంజనీరు వచ్చి గోడను వేలితో పొడిచి చూసి, ఈ గది మనుషులు ఉండటానికి పనికిరాదని రాసిచ్చాడు. బాగుచేయడానికి ఎవరినైనా పంపుతారా అని అడిగితే, అది వేరే విభాగమన్నాడు. తండ్రీకూతుళ్ళను దేశానికి అవతలి అంచున ఉన్న ఒక హోటల్‌కు తరలిస్తామని ఉత్తరం వచ్చింది. అక్కడి నుంచి దగ్గరి డయాలిసిస్ కేంద్రానికి రెండు బస్సులు మారాలి. అందులో ఒకటి శనివారం మాత్రమే నడుస్తుంది.

డెవేనీ గారు వారానికోసారి పబ్బు వెనక గదిలో కూర్చుని ప్రజల కష్టాలు వింటారు. ఉలియానాను తీసుకుని అక్కడికి వెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. విషయాన్ని అత్యున్నత స్థాయికి తీసుకెళ్తానన్నారు. ఆ స్థాయి ఎక్కడుంటుందో మాకు తెలియలేదు కానీ, చెయ్యి పైకి చూపించారు. పైన పబ్బు వాళ్ళ స్టోర్ రూమ్ ఉంది. మేం లేస్తుంటే ఆయన అలవాటుగా, మా ఇల్లుందిగా, ఎప్పుడైనా రండి అన్నారు. ఉలియానా తలూపింది. బయటికి వచ్చాక, "పిన్నీ, రెండుసార్లు పిలిచాడు. పెద్దమనిషి," అంది.

ఆ వారమే అదృష్టం ఆయన తలుపు తట్టింది. మార్గదర్శి అట్ట మీది బొమ్మ డబ్లిన్‌లో ఒక మంత్రిగారికి నచ్చింది. ఆ గుమ్మాన్ని, ఆ ఇంట్లో ఆశ్రయం పొందుతున్న కుటుంబాన్ని స్వయంగా చూసి, ఆదర్శ గృహస్థు పురస్కారం ఇస్తానని కబురు చేశారు. టీవీ వాళ్ళు కూడా వస్తారట. గుమ్మం సిద్ధంగా ఉంది. కుటుంబమే లేదు.

డెవేనీ గారు తన కారులో మా ఇంటికి వచ్చారు. కారు దిగేటప్పుడు ఆయన చేతిలో కేకు కూడా ఉంది. అరువడగడానికి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో రాకూడదని మా పద్ధతి.

"డెలియా, తల్లీ, నీ అతిథుల్ని శుక్రవారం మధ్యాహ్నం ఒక్కపూట మా ఇంటికి పంపుతావా? ఊరికే, టీకి."

నేను ఉలియానాతో చెప్పాను. ఆమె తండ్రికి వాళ్ళ భాషలో చెప్పింది. ఒస్తాప్ లేచి తన సూట్‌కేసు మంచం కింద నుంచి లాగాడు. చొక్కాలు, మందులు, చనిపోయిన భార్య ఫొటో సర్దుకున్నాడు. ఉలియానా ఊరగాయ జాడీలు గుడ్డల్లో చుట్టింది. ఇదంతా ఎందుకని అడగాలో వద్దో నాకు తెలియలేదు. శుక్రవారం డెవేనీ గారు వచ్చి గుమ్మంలో సామాను చూసి ముచ్చటపడ్డారు.

"సూట్‌కేసులు కూడానా? ఎంత సహజంగా ఉంది. ఇది నాకు తట్టనేలేదు," అన్నారు.

టీ అందించడానికి నన్ను కూడా ఎక్కించుకున్నారు. ఆ ఇంట్లో ఉండేది డెవేనీ గారు, ఆయన భార్య కన్సెప్టా గారు. వాళ్ళ పడకగది కాక మరో మూడు పడకగదులున్నాయి. ఒక గదిలో గోల్ఫ్ కర్రలుంటాయి. ఒక గదిలో కదలని సైకిలు ఉంటుంది. మూడో గదిలో పాత ఎన్నికల పోస్టర్లలో డెవేనీ గారే గోడకు ఆనుకుని నవ్వుతూ ఉంటారు. సైకిలు గదిని ఆ పూటకు ఖాళీ చేసి తండ్రీకూతుళ్ళకు కేటాయించారు. కన్సెప్టా గారు తక్కువ మాట్లాడే మనిషి. ఒస్తాప్ మందులు పెట్టుకోవడానికి తన మంచం పక్క బల్ల మోసుకొచ్చి ఇచ్చారు. పక్కదుప్పట్లు కొత్తవి తీశారు. ఒక్కపూటకు ఇదంతా ఎందుకని భర్త గొణిగితే, ఆమె విననట్టు దిళ్ళు దులిపారు.

మంత్రిగారి కారు ఆగింది. డెవేనీ గారు గుమ్మంలో చేతులు చాచడానికి ముందుకొచ్చారు. అక్కడ అప్పటికే ఒస్తాప్ నిలబడి ఉన్నాడు. కుట్టుపని చేసిన తెల్లగుడ్డ మీద రొట్టె, దాని మీద ఉప్పు గిన్నె. ఇంటి పెద్ద వచ్చినవారికి రొట్టె, ఉప్పు ఇచ్చి లోపలికి పిలవడం వాళ్ళ ఆచారం. మంత్రిగారు ముక్క తుంచి ఉప్పులో అద్దుకుని తిన్నారు. కెమెరాలు ఆయన దవడ కదలికను శ్రద్ధగా తీశాయి. తర్వాత ఒస్తాప్ మంత్రిగారి బూట్ల వైపు చూపించాడు. మంత్రిగారు విప్పారు. డెవేనీ గారి బూట్ల వైపు కూడా చూపించాడు. సొంత ఇంట్లోకి డెవేనీ గారు మేజోళ్ళతో, మంత్రిగారి వెనక, ఒస్తాప్ అనుమతితో ప్రవేశించారు.

లోపల మంత్రిగారు ఉలియానాను అడిగారు.

"ఇక్కడ ఇబ్బందేమీ లేదు కదమ్మా?"

"ఏం లేదండీ. ఆస్పత్రి దగ్గర. నాన్న నడిచి వెళ్ళగలరు. ఏ రోజైనా రమ్మన్నారు, వచ్చేశాం."

"ఎన్నాళ్ళుంటారు?"

"యుద్ధం అయ్యేదాకా," అంది ఉలియానా. మంత్రిగారు డెవేనీ గారి వైపు చూశారు. కెమెరా కూడా చూసింది. డెవేనీ గారు ఏదో మింగారు. ఆయన రొట్టె తినలేదని నాకు తెలుసు.

"అవును మరి," అన్నారు.

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. మేడ మీది మిగతా గదులు చూపించమన్నారు. ఇవి ఎవరివని అడిగితే, డెవేనీ గారు నోరు తెరిచే లోపల కన్సెప్టా గారు జవాబిచ్చారు.

"ఎవరివీ కావండీ. ఖాళీ."

దేశానికి ఇలాంటి ఇళ్ళు కావాలని, వచ్చే వారానికల్లా ఈ రెండు గదులకూ కుటుంబాలను పంపిస్తానని మంత్రిగారు అక్కడికక్కడే కెమెరాలకు ప్రకటించారు. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది డెవేనీ గారే. ఆపితే తర్వాతేం చేయాలో ఆయనకు తెలియలేదనుకుంటాను.

మంత్రిగారు వెళ్ళిపోయారు. డెవేనీ గారు కారు తాళాలు చేతిలో ఆడిస్తూ హాల్లోకి వచ్చారు. ఒస్తాప్ గౌరవంగా లేచి నిలబడ్డాడు.

"అబ్బే, అప్పుడే లేస్తారేమిటి, కూర్చోండి," అన్నారు డెవేనీ గారు.

ఒస్తాప్ కూర్చున్నాడు.

డెవేనీ గారు తాళాలు ఇంకాస్త గట్టిగా ఆడించి, మీరు బాగా అలసిపోయి ఉంటారన్నారు. నిజమేనని ఉలియానా తండ్రికి పక్క సర్దడానికి వెళ్ళింది. డెవేనీ గారు కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం చూసి, వాన పెరిగేట్టుంది, దారులు పాడవుతాయేమోనన్నారు. మా ఊళ్ళో ఇంతకంటే కటువైన మాట లేదు. నాకే సిగ్గేసింది.

"అవునండీ," అంది ఉలియానా మెట్ల మీద నుంచి. "ఈ వానలో ఎవరు బయటికెళ్తారు చెప్పండి."

ఆయన నా వైపు చూశారు. నేను పెంపకం తెలిసినదాన్ని. కోటు తొడుక్కుని వచ్చేశాను. ఆ రోజు ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయినదాన్ని నేనొక్కదాన్నే.

పురస్కారం డబ్లిన్‌లో ఇచ్చారు. మీరు టీవీలో చూసే ఉంటారు. మంత్రిగారు మాట నిలబెట్టుకున్నారు. గోల్ఫ్ గదిలోకి ముగ్గురు పిల్లల తల్లి వచ్చింది. పోస్టర్ల గదిలోకి ఒక జంట వచ్చింది. వాళ్ళతో పాటు ఎవరూ లెక్కలో వేసుకోని ఒక అమ్మమ్మ కూడా దిగింది. ఆమెకు గది లేకపోతే కన్సెప్టా గారు తమ పడకగదిలో సగం ఇచ్చారు. డెవేనీ గారి సగం. ఒస్తాప్ పొద్దున్నే టోపీ పెట్టుకుని ఆస్పత్రికి నడుస్తున్నాడు. దారిలో మా గేటు దగ్గర ఆగి, తనకొచ్చిన నాలుగు మాటల్లో నా మోకాళ్ళ సంగతి అడుగుతాడు.

మొన్న మంగళవారం తలుపు చప్పుడైంది. డెవేనీ గారు. చేతిలో తోలు సంచి, చంకలో కుషన్.

"ఇటుగా వెళ్తూ ఊరికే పలకరిద్దామని, డెలియా. నేను ఉండను."

మర్యాదకు నేనూ అనాల్సిందే అన్నాను. "అదేమిటండీ, లోపలికి రండి, తొందరేముంది."

ఆయన కోటు విప్పి వంకీకి తగిలించారు.

మార్గదర్శిలో రాసినట్టే నేను ఫ్రిజ్‌లో ఆయనకొక అర ఖాళీ చేసిచ్చాను. వేడినీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో చూపించాను. వదిలి వచ్చిన ఇంటి గురించి తనంతట తాను చెబితే తప్ప అడగడం లేదు. ముందు గదిలో నేనుంటాను కాబట్టి ఆయనకు వెనక గదే ఇచ్చాను. దిండు కిటికీ వైపు పెట్టుకోమని చెప్పాను. ఆ గది మనుషులు ఉండటానికి పనికిరాదని కౌన్సిల్ వాళ్ళు రాసిచ్చిన కాగితం మరోసారి నిదానంగా, వేలు పెట్టి చదివాను. అందులో కౌన్సిలర్ల గురించి ఏమీ లేదు.

— డెలియా గెరటీ, డెబ్బై మూడేళ్ళు, రేవు వీధి, ముందు గది.