కమోడ్ పుస్తకం, నాలుగో స్టెప్పు

ఆ ఉదయం అనువాదకుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కమోడ్ ఫ్లష్ ట్యాంకు బిగించే పుస్తకం పదహారు పేజీలు, స్వీడిష్‌లో ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికల్లా దాన్ని ఇంగ్లీషు చేసి కంపెనీకి పంపాలి. పంపితే ఉద్యోగం ఖాయం. పంపకపోతే ఆరు నెలల ప్రొబేషను ఆ పూటతో సరి.

పుస్తకమంతా అయిపోయింది. పదకొండు భాగాల పేర్లు మాత్రం మిగిలాయి. ఒక్కో మాట రైలుబండంత పొడుగు. డిక్షనరీలో వాటి జాడ లేదు. అనువాదకుడికి ఒక పట్టుదల ఉంది. కంటితో చూడని వస్తువుకి పేరు రాయడు. కంపెనీ వాళ్ళు నమూనాగా ఇచ్చిన కమోడే ఇంట్లో ఉంది. ఇంట్లో ఉన్నదీ అదొక్కటే. ఎనిమిదింటికి స్క్రూడ్రైవరు తీసుకుని బాత్రూములోకి వెళ్ళాడు.

తొమ్మిదింటికి ట్యాంకు కడుపులో ఉన్నవన్నీ భోజనాల బల్ల మీదికి వచ్చాయి. ఒక్కోదాని కింద ఒక చీటీ, చీటీ మీద ఇంగ్లీషు పేరు.

కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చిన మావగారు పొట్ట పట్టుకుని హాల్లోకి వచ్చి, బల్ల చూసి ఆగిపోయారు.

"ఏంటల్లుడూ ఇది?"

"ఆఫీసు పనండి మావయ్యగారూ."

"బాత్రూము ఖాళీయేనా?"

"పూర్తిగా ఖాళీ అండి. అన్నీ ఇక్కడే ఉన్నాయి."

మావగారు బాల్కనీలోకి వెళ్ళి ఊళ్ళో ఉన్న భార్యకి ఫోన్ చేశారు. "అల్లుడి ఉద్యోగం ఊడింది. మనతో చెప్పలేక కుళాయిల పని నేర్చుకుంటున్నాడు. పాపం, మొదటి రోజనుకుంటా."

పది నిమిషాల్లో అత్తగారు కూతురికి ఫోన్ చేసి ఏడ్చింది. కూతురు వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఏవండీ, అమ్మ అన్నది నిజమేనా?"

"ఇంకా కాలేదు. పన్నెండు దాటితే నిజమే."

ఆమె ప్లంబర్ని పిలిచింది. పదకొండున్నరకి వచ్చిన ప్లంబరు బల్ల మీది చీటీలు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"నాకంటే ముందు ఎవర్నో పిలిచారు కదమ్మా? పేర్లు కూడా పెట్టి పోయాడు."

"ఆ పెట్టినాయన వీరే," అంది ఆమె.

"సరే, తప్పుకోండి సార్. అరగంటలో బిగించేస్తా."

అనువాదకుడికి అప్పుడే దివ్యమైన ఆలోచన వచ్చింది. "నీ పద్ధతి వద్దు. నా పుస్తకం ప్రకారం బిగించు. తప్పుంటే ఇప్పుడే తేలిపోతుంది."

భార్య కాగితాలు పట్టుకుని ఇంగ్లీషు చదివి, ప్లంబరుకి విడమరిచి చెప్పసాగింది. మూడు స్టెప్పులు బాగానే నడిచాయి. మావగారు తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, ఒక్కో స్టెప్పుకీ దేవుణ్ణి తలుచుకుంటున్నారు.

"నాలుగు. నీళ్ళ వాల్వు పూర్తిగా తిప్పాలి. అయిదు. రబ్బరు వాషరు పెట్టాలి."

ప్లంబరు చెయ్యి ఆపాడు. "సార్, వాషరు లేకుండా వాల్వు తిప్పితే నీళ్ళు మొహాన కొడతాయి."

"స్వీడిష్‌లో అలాగే ఉంది. తిప్పు."

"పుస్తకం మీదీ, మొహం నాదీ."

"నేను తిప్పుతాను, లే!"

తిప్పాడు. నీళ్ళు లేచి అతని కళ్ళద్దాల్ని ఊడగొట్టి, మావగారి పంచె మొత్తం తడిపి హాల్లోకి పారాయి. మావగారు పక్కింటి తలుపు వైపు పరుగు తీశారు. అదే సమయంలో ఫోన్ మోగింది. మేనేజరు.

"పన్నెండవుతోంది, పుస్తకం ఏదయ్యా? ఏంటా అరుపులు?"

"నాలుగో స్టెప్పు సార్. ఇంట్లో చేసి చూశాం. తప్పంతా నాదే. మన్నించండి."

"నీళ్ళు ఏ పక్కకి కొట్టాయి?"

"ఎడమ పక్కకి సార్."

"ఎంత ఎత్తు?"

"మా మావగారి నడుము దాకా."

"శభాష్! స్వీడన్‌లోనూ అంతే. తొమ్మిదేళ్ళుగా ఫిర్యాదులే. నీకు ముందు ఇద్దరు చేశారయ్యా ఈ పుస్తకం. సొంత తెలివి కలిపి దిద్దేశారు, చుక్క నీరు చిమ్మలేదు. వాళ్ళిద్దర్నీ తీసేశాం. నువ్వు అక్షరం పొల్లుపోనివ్వలేదు. ఇవాళ్టితో నీ ఉద్యోగం పర్మనెంటు."

అనువాదకుడు నీళ్ళలోంచి కళ్ళద్దాలు ఏరుకున్నాడు. "మరి సార్, ఆ నాలుగూ అయిదూ అటూ ఇటూ మార్చనా?"

"మార్చావంటే నిన్ను మారుస్తా."

మర్నాడు అతనికి గ్యాసు పొయ్యి బిగించే పుస్తకం అప్పగించారు.