గొంతు కండ గలవాళ్ళ సభ

ఊరి సభలో మగవాళ్ళే మాట్లాడటం కన్నా గొప్ప వరం లోకంలో లేదు! నవ్వకండి. దీనికి కప్పలే సాక్ష్యం.

ముసలివాళ్ళ బడిలో నిన్నగాక మొన్న అక్షరాలు దిద్దిన నాచేత టీచరమ్మ కప్పల పాఠం చదివించింది. మగకప్ప గొంతులో అరవడానికి దిట్టమైన కండ ఉంటుందట. ఎంత అరిచినా అలసిపోదట. ఆడకప్పకేమో ఆ కండ పీలగా ఉంటుందట. ప్రకృతే మైకు మగవాడి చేతికిచ్చాక, లాక్కోవడానికి మనమెవరం?

మా గ్రామపెద్ద ప్యోగారినే చూడండి. పొద్దున్నే స్తంభం మీది స్పీకర్లో దగ్గుతారు. ఎరువుల బస్తాలు వచ్చాయన్న ఒక్క ముక్క చెప్పేసరికి మా ఇంట్లో అన్నం ఉడికిపోతుంది! కోళ్ళు కూడా కూయడం మానేసి ఆ పని ఆయనకే వదిలేశాయి. ఆయన భార్య ఏనాడైనా అంతసేపు మాట్లాడిందా? పాపం, కండ లేదు.

ఏడాది చివరి సభలో ఇంటికో చెయ్యి మా పద్ధతి. యజమాని ఎత్తితే ఇల్లంతా ఎత్తినట్టే. ఎంత సుఖం! ఆడవాళ్ళు హాయిగా వెనకగదిలో సూప్ కాచుకోవచ్చు.

ఈసారి తగువు మినారి మడి గురించి. ఊరి దిగువన ఊటనీళ్ళలో మా ఆడవాళ్ళం పెంచుకునే ఆకుకూర అది. కప్పల కాపురమూ అక్కడే. దాన్ని పూడ్చి, సుత్తికర్రలతో బంతులు కొట్టే గేట్‌బాల్ ఆటకి కోర్టు వేస్తారట. సభకు ముందు పక్కింటి బున్‌రే నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వైనా వద్దని చెయ్యెత్తక్కా. మా ఇంట్లో చెయ్యి ఆయనది.”

“మీ ఆయనకు చెప్పలేకపోయావా?”

“చెప్పాను. ‘మినారి సూప్ ఇంకాస్త పొయ్యి’ అన్నాడు.”

వద్దనేవాళ్ళని చేతులెత్తమన్నారు ప్యోగారు. ఎత్తాను. గదంతటికీ నాదొక్కటే.

“ఏం వదినగారూ, సూప్ చాల్లేదా?” అన్నారాయన. అందరూ ఒకటే నవ్వు. తీర్మానం పాసైపోయింది!

మట్టి లారీ వచ్చిన రోజు బున్‌రే, నేను మడిగట్టు మీద నిలబడ్డాం. కింద వాళ్ళాయన గిల్సు గొంతు చించుకుంటూ లారీకి దారి చూపిస్తున్నాడు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు.

“అక్కా, సభలో నీకు చెయ్యెలా వచ్చింది?”

“ఎలా ఏముంది, మా ఆయన పోయాక వచ్చింది.”

బున్‌రే మొగుణ్ణి తలనుంచి కాళ్ళదాకా నిదానంగా చూసింది.

“మళ్ళీ సభకి ఇంకా ఏడాది ఉందిగా!” అంది.