ఆడుతూ చదువుతూ

జువ్వలదిన్నె చేపల రేవులో వేసిన వేదిక మీద క్రీడల మంత్రి హజరత్తయ్య గారు చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట ఆటగాళ్లంతా చదువుకోవాలని, చదువుకునేవాళ్లంతా ఆడాలని, రెండూ చేతకానివాళ్లు చప్పట్లు కొట్టాలని ఆయన పిలుపునిచ్చారు. మూడోది అక్కడికక్కడే అమలైంది.

పథకం పేరు 'ఆడుతూ చదువుతూ'. దానికొక బ్రాండ్ అంబాసిడర్ కావాలి. ఆటా చదువూ రెండూ ఉన్న మనిషి కోసం అధికారులు జిల్లా అంతా గాలించారు. ఆడేవాళ్లు బడి మానేసి ఉన్నారు. చదివేవాళ్లు కుక్క తరిమినప్పుడు తప్ప పరుగెత్తినవాళ్లు కారు. చివరికి ఆ మనిషి ఆనాటి రేవు సభలో ముందు వరసలో కూర్చున్నవాళ్లలోనే దొరికింది. పేరు రోజారమణి. చేపలమ్మే కామమ్మ కూతురు. కావలిలో బీకాం చదువుతూ, రోజూ తెల్లారి సముద్రపొడ్డున ఇసకలో పరుగు ప్రాక్టీసు చేస్తుంది. పదిహేను వందల మీటర్లలో ఆమెను దాటే పిల్ల ఆ చుట్టుపక్కల లేదు.

ఆమె చదువు వెనక మేనమామ గంగాధరం ఉన్నాడు. కబడ్డీ కోసం పదో తరగతి మానేసి రాష్ట్ర జట్టుకు ఆడినవాడు. ఒక కూతలో మోకాలు పోయింది. దాంతోపాటు ఆట పోయింది. ఇంకేదైనా చేద్దామంటే చేతిలో చదువు లేదు. ఇప్పుడు రేవులో ఐసు పెట్టెలకు కాపలా ఉంటాడు. "పరిగెత్తు పాపా. కానీ కాళ్లనే నమ్ముకోబాక," అని చిన్నప్పటి నుంచీ చెప్తూ వచ్చాడు. డిగ్రీ చేతికి రావాలి, యూనివర్సిటీ జట్టులో చోటు దొరకాలి. రోజారమణికి ఆ రెండే కావాలి.

అంబాసిడర్ కావడంతో ఆమె జీవితం మారిపోయింది. తెల్లారేసరికి ఇంటి ముందు కారుండేది. చిల్లకూరు దగ్గర హైవే మీద ర్యాలీ, గూడూరులో సదస్సు, మళ్లీ ఇంకో ఊళ్లో ఇంకో సదస్సు. కాలేజీలో క్లాసు జరిగే వేళకు ఆమె ఎక్కడో మైకు ముందు నిలబడి "క్రీడాకారులు క్లాసులు ఎగ్గొట్టకూడదు" అని చెప్తూ ఉండేది. ప్రాక్టీసు వేళంతా కారులోనే గడిచి పిక్కలు బిగుసుకుపోయాయి.

ఒకరోజు జిల్లా క్రీడాధికారి కరుణాకుమారితో అననే అంది. "మేడమ్, క్లాసులు పోతా ఉండాయి. ప్రాక్టీసూ పోతా ఉంది."

"అది నీ త్యాగం అమ్మా. నువ్వు చదవకపోయినా నిన్ను చూసి పదిమంది చదువుతారు."

"ఆ పదిమందిని గూడా సభలకే తోలకొస్తా ఉండారు గదా మేడమ్."

కరుణాకుమారి ముచ్చటపడి, ఈ పిల్ల సభల్లో చక్కగా మాట్లాడుతుందని పై అధికారులకు చెప్పింది.

సెమిస్టరు చివర్లో కాలేజీ వాళ్లు హాజరు చాలలేదని హాల్ టికెట్ ఆపేశారు. అది చాలదన్నట్టు కాస్ట్ అకౌంటింగ్ పరీక్షా, యూనివర్సిటీ జట్టు సెలెక్షనూ ఒకే పూట వచ్చి పడ్డాయి. రోజారమణి నెల్లూరు వెళ్లి గెస్ట్ హౌస్‌లో మంత్రిగారి ముందు నిలబడింది.

"సార్, హాల్ టికెట్ ఇప్పించండి. రెండిట్లో ఒకటి ఇంకో రోజుకి మార్పించండి."

మంత్రిగారు చేపల పులుసు కలుపుకుంటూ ఆలోచించారు. "పథకం పేరేంది పాపా?"

"ఆడుతూ చదువుతూ, సార్."

"ఆడి, చదివి అని పెట్టలా గదా. ఆడుతూ. చదువుతూ. ఒకేసారి జరగాల. హాల్ టికెట్ నేనిప్పిస్తా. పరీక్ష బల్ల ట్రాక్ కాడికే తెప్పిస్తా."

ఇంటికొచ్చి చెప్తే కామమ్మ చేపల గంప దించి కూతుర్నే చూసింది. "ఆయనకి మతి ఉందా?"

"ఆయన మంత్రి మా."

"అదే అడగతా ఉండా."

హాల్ టికెట్ చేతికి రావడానికి వేరే దారి లేదు. రోజారమణి ఒప్పుకుంది.

పరీక్ష రోజు స్టేడియంలో ఫినిషింగ్ లైన్ పక్కన షామియానా వేసి, కింద ఒకే ఒక బల్ల వేశారు. అధికారికంగా అదే పరీక్ష హాలు. చుట్టుకొకసారి ఆగి ఒక జవాబు రాయాలని ఏర్పాటు. ఇన్విజిలేటర్ ఉషారాణి గారు నిక్కచ్చి మనిషి. మంత్రిగారు జెండా ఊపారు. అమ్మాయిలంతా కదిలారు. పిక్కలు బిగుసుకున్నా రోజారమణి ముందుకు దూసుకుపోయింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్లు బాగా వెనకున్నారు.

"బూట్లు విప్పాల. హాల్లోకి బూట్లతో రానియ్యకూడదు," అన్నారు ఉషారాణి.

విప్పింది. కూర్చుంది. గబగబా ఒక జవాబు గీకింది. వెనక దడదడమని అడుగుల చప్పుడు వినిపించింది. ఒకరి తర్వాత ఒకరు అమ్మాయిలు దాటిపోతున్నారు. ఆమె బూట్లు అందుకుంది.

"ఎక్కడికి?"

"పరిగెత్తాల మేడమ్."

"మొదటి అరగంట దాకా ఎవరినీ బయటికి పంపకూడదమ్మా. రూలు."

రోజారమణి మంత్రిగారి వైపు చూసింది. ఆయన కెమెరాల వైపు చూస్తూ చెయ్యి ఊపారు. ఆమె పెన్ను పట్టుకుని తల వంచింది. ప్రశ్నలు మసగ్గా కనిపించాయి. కాసేపటికి ఈలలు వినిపించాయి. ఎవరో గెలిచారు.

అరగంట కాగానే లేచి, బూట్లు వేసుకుని, ఖాళీ ట్రాక్ మీద మిగిలిన చుట్లు ఒక్కతే పరుగెత్తింది. మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చోబోతే ఉషారాణి పేపరు తీసేసుకున్నారు. హాలు వదిలి బయటికెళ్లినవాళ్లను మళ్లీ రానిచ్చే రూలు లేదట. పరుగు మధ్యలో ఆగినందుకు సెలెక్టర్లు అప్పటికే పేరు కొట్టేశారు.

సాయంత్రం ప్రెస్ మీట్‌లో మంత్రిగారు పథకం సంపూర్ణంగా విజయవంతమైందని ప్రకటించారు. ఒక విలేకరి అడిగాడు. "ఆ అమ్మాయికి రెండూ పోయాయంట గదా సార్?"

"సమానంగా పోయినాయి," అన్నారు మంత్రిగారు. "ఆటకీ చదువుకీ మధ్య మా ప్రభుత్వం వివక్ష చూపదు."

ఆ రాత్రి రోజారమణి అన్నం తినలేదు. గంగాధరం కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. "పరీక్ష మళ్లీ రాయొచ్చంట గదా?"

"రాయొచ్చు."

"పరుగు?"

"వచ్చే ఏడు."

"మోకాలు?"

"బాగుంది మామా."

"అయితే కారెక్కబాక."

కొత్త సెమిస్టరు క్లాసులు మొదలైన నాడు మళ్లీ కారు వచ్చి, హారన్ కొట్టీ కొట్టీ వెళ్లిపోయింది. అప్పటికి ఆమె సముద్రపొడ్డున పరుగులో ఉంది. తర్వాత బస్సెక్కి కావలి వెళ్లింది. రెండో పీరియడ్‌లో ఫోన్ అదే పనిగా మోగుతుంటే వరండాలోకి వచ్చి ఎత్తింది.

"ఎక్కడున్నావమ్మా? సభలో మంత్రిగారు ఎదురుచూస్తున్నారు," అంది కరుణాకుమారి.

"క్లాసులో ఉండా మేడమ్."

"చదువు గురించి ఇంత పెద్ద సభ పెట్టుకుని ఇప్పుడు క్లాసేంటి?"

రోజారమణి ఫోన్ ఆపేసి లోపలికెళ్లింది.

వారం తిరక్కుండా ప్రకటన వచ్చింది. కుమారి రోజారమణి ఆట మీదా చదువు మీదా శ్రద్ధ పెడుతూ పథకానికి అందుబాటులో లేకుండా పోయినందున ఆమెను తొలగించి, మంత్రిగారి మేనల్లుడు సుకుమార్ బాబును బ్రాండ్ అంబాసిడర్‌గా నియమించారు. సుకుమార్ బాబు ఏ ఆటా ఆడడు, ఏ కాలేజీకీ పోడు. అందువల్ల ఏ సభకు పిలిచినా ఠంచనుగా వస్తున్నాడు. మొన్న బోగోలులో మాట్లాడుతూ, చదువు వల్ల ఆటకు గానీ, ఆట వల్ల చదువుకు గానీ తనకు ఇంతవరకూ ఎలాంటి ఇబ్బందీ కలగలేదని అనుభవపూర్వకంగా చెప్పాడు.