ముప్పై ఎనిమిది ఆమెన్ల పేరు

మైకు మ్యూట్‌లో ఉన్నప్పుడు అన్న ఆమెన్ దేవుడికి వినిపిస్తుందా?

లాక్‌డౌన్ నాటి నుంచి ఈ సందేహాన్ని మోస్తున్నాను. పదో తరగతితో చదువు ఆపేసి, కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేసుకుంటూ బతికేవాణ్ణి. పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు తెలియవు. అందుకే మా ఆన్‌లైన్ సంఘం కాపరి జయానందం అయ్యగారినే అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు.

"గది టెక్నికల్ మ్యాటర్ బ్రదర్. అనూప్‌ను అడుగుండ్రి" అన్నారు.

అనూప్ ఆయన బామ్మర్ది. జిరాక్స్ షాపు నడుపుతూ ఆదివారం ఆదివారం మాకు లింకు పంపుతాడు. "నెట్ మంచిగుంటే వినవడ్తదన్నా" అన్నాడు.

ఆనాటి నుంచి నా విశ్వాసం సిగ్నల్ గీతల మీద నడుస్తోంది.

అయితే ఇలాంటి చిల్లర సందేహాలతో కాలం పాడుచేసుకోవద్దని మీకు మనవి చేస్తున్నాను. ఈ మధ్యనే నా కళ్ళు తెరుచుకున్నాయి. సంఘానికి ప్రార్థన ముఖ్యం కాదు. పరామర్శ అసలే కాదు. పేరు! పేరొక్కటి కుదిరితే చాలు, మిగిలినవన్నీ వాటంతటవే మ్యూట్‌లోకి వెళ్ళిపోతాయి.

మొన్నటి దాకా మా సంఘం పేరు "ఆదివారం ఫోన్ ప్రార్థన". ఎంత నామోషీ చెప్పండి! ఆదివారం కూడతాం, ఫోన్‌లో కూడతాం, ప్రార్థన చేస్తాం. ఉన్నదున్నట్టు పేరులోనే చెప్పేస్తే చూసేవాడికి ఇంకేం ఆసక్తి ఉంటుంది? గడప దాటలేని ఆ రోజుల్లో మెదక్‌లో పన్నెండు ఇళ్ళవాళ్ళం, ఎవరింట్లో ఎవరికి జ్వరమో తెలుసుకుందామని పెట్టుకున్న గ్రూపు అది. అప్పుడు మాకు పేరు మీద ధ్యాసే లేదు. అంతటి అజ్ఞానం!

ఇప్పుడు గ్రూపులో నూట పది మందిమి. ఒక ఆదివారం అయ్యగారు లైవ్‌లోనే బాధపడ్డారు.

"పేరుల దమ్ము లేదు. దుబాయ్‌ల ఉన్నోడు మన పేరు జూసి ఆగాలె. ఆగుతుండా? ఆగుతలేడు!"

ఒక్కసారి ఆగాడు లెండి. నలభై నిమిషాలు! మనం ఇంటర్నేషనల్ అయ్యామని అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత తెలిసింది, ఆ మనిషి అనూప్ మేనత్త కొడుకేనని, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడని. అయితేనేం? దుబాయ్ దుబాయే కదా!

కొత్త పేరు కోసం ఇరవై ఒక్క రోజుల ఉపవాసం ప్రకటించారు. మనుషుల రోగాల కోసం మేము ఎప్పుడూ మూడు రోజులు మించి ఉపవాసం ఉన్నది లేదు. రోగం మనిషితో పోతుంది. బ్యానర్ నిలిచి ఉంటుంది.

జాతకాలు, ముహూర్తాలు మేము నమ్మం. నమ్మేవాళ్ళను చూస్తే మాకు జాలి. కానీ పేరు ఇంగ్లీషులో రాస్తే అక్షరాలు ఏడుతో భాగించబడాలని అయ్యగారు పట్టుబట్టారు. ఇది న్యూమరాలజీ కాదా అని నేను వినయంగా అడిగాను. "కాదు బ్రదర్, గిది ప్రత్యక్షత. దేవుడే సూపిచ్చిండు" అన్నారు. రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. రెండింటికీ కాలిక్యులేటర్ మాత్రం కావాలి.

ఇక పేర్లు వచ్చిపడ్డాయి. అగ్ని, జ్వాల, పిడుగు, సునామీ... వింటుంటే ఇది దేవుని సంఘమా, విపత్తుల శాఖా అనిపించింది. చేగుంట నుంచి చేరిన మల్లేశం తమ ఊరి పేరు కూడా ఉండాలన్నాడు.

"గ్లోబల్ పక్కన చేగుంట ఏం మంచిగుంటదే?" అన్నాడు అనూప్.

"ఏం, చేగుంట గ్లోబ్‌ల లేదా?" అన్నాడు మల్లేశం.

మూడు నెలల చర్చలో నేను విన్న తెలివైన మాట అదొక్కటే. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ మూడు నెలల్లో మాకు ఎన్ని మేళ్ళు జరిగాయో చూడండి. ప్రసంగం ఎనిమిది నిమిషాలకు దిగింది, కునికిపాట్లు పోయాయి. పాటలు మానేశాం, శ్రుతి తప్పే బాధ పోయింది. పేరులో అగ్ని కావాలనేవాళ్ళు, మహిమ కావాలనేవాళ్ళు అని రెండు జట్లయ్యాం. ఒకరింటికి ఒకరు వెళ్ళడం లేదు, ఎందుకంటే వెళితే టీ ఇవ్వకముందే "నువ్వు అగ్నివా, మహిమవా?" అని అడుగుతున్నారు. అగ్నివాళ్ళ పెళ్ళికి మహిమవాళ్ళకు పిలుపు లేదు. ఎంత ప్రశాంతత! చుట్టాలు లేని సంఘం కంటే సుఖమైనది ఏముంది?

ఎన్నిక పద్ధతి కూడా మాదైన పద్ధతే. అనూప్ గ్రూపులో ఒక పేరు పెడతాడు. నచ్చినవాళ్ళు దాని కింద ఆమెన్ అని కొట్టాలి. ఎక్కువ ఆమెన్లు పడ్డదే దేవుని చిత్తం. శనివారం పొద్దున, ఏడు లెక్క కుదరడానికి ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు ఎక్కువ కలిపి, "మహిమ టవర్ ఇంటర్నేషనల్" పెట్టాడు, ముప్పై ఏడు పడ్డాయి. వాటిలో ఒకటి నాది. మధ్యాహ్నం "అగ్నిజ్వాల గ్లోబల్ ఫ్యామిలీ" పెట్టాడు. గంటలో ముప్పై ఎనిమిది! ఒక్క ఆమెన్ తేడాతో మేము ఫ్యామిలీ అయిపోయాం. బ్యానర్ ప్రింటుకు వెళ్ళింది.

ఇంతటి శుభవార్తతో ఈ వ్యాసం ముగించి ఉండేవాణ్ణి. కానీ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ నిర్మలమ్మ నా ఫోన్ తీసుకుని గ్రూపు పైకి జరుపుతూ పోయింది. అగ్నిజ్వాల పేరుకు సరిగ్గా కింద, ముప్పై ఎనిమిది ఆమెన్లకు సరిగ్గా పైన, ఒక వాయిస్ మెసేజ్ ఉంది. దాన్ని నొక్కింది.

"నేను ఆగమ్మను బిడ్డా... కాలు ఇరిగి నెలాయె. దవాఖానల కెల్లి ఇంటికొచ్చిన గని లేవస్తలేదు. పక్కింటి పిల్ల ఫోన్ల మాట్లాడుతున్న. మీరంత మంచిగున్నరా? మిమ్ముల సూడక మస్తు దినాలాయె. ఎవ్వరన్న జర ఒక్కసారి వచ్చి, ఒక పాట పాడి పోండ్రి."

ఆగమ్మ కూరగాయలు అమ్ముకునే ముసలమ్మ. మొదటి పన్నెండు ఇళ్ళలో ఒకటి ఆమెది. కూతురు రేగోడ్‌లో ఉంటుంది, ఈమె ఇక్కడ ఒంటరి. మా ఇంటికి రెండు సందుల అవతలే.

నిర్మలమ్మ వేలు కిందికి జరిగింది. ఆగింది.

"ఏందయ్యా, దీని కింద నువ్వు గూడ ఆమెన్ కొట్టినవ్?"

"కొట్టిన."

"ఇని కొట్టినవా?"

"గది... పేరుకు కొట్టిననేమో."

"పేరుకా? నువ్వు మహిమోనివి గద! పొద్దుగాల్నే కొట్టినవ్ గద!"

పట్టుబడ్డాను. ఎవరిదో ప్రార్థన విన్నపం వచ్చింది అనుకున్నాను. వినకుండా ఆమెన్ కొట్టాను. నా తర్వాత కొట్టినవాళ్ళు నన్ను చూసి కొట్టారు. వాళ్ళను చూసి ఇంకొందరు. అనూప్ అన్నింటినీ పేరు ఖాతాలో వేశాడు. ముప్పై ఎనిమిది మందిలో ఎవరు పేరుకు కొట్టారో, ఎవరు ఆగమ్మకు కొట్టారో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఒక్కరు విన్నా, శనివారం సాయంత్రానికే ఆమె గడపలో ఒక జత చెప్పులు ఉండేవి.

అంటే మా ఫ్యామిలీకి పేరు తెచ్చింది ఒక ముసలమ్మ విరిగిన కాలు!

గ్రూపులో రాశాను: "నా ఆమెన్ ఆగమ్మ మెసేజ్‌కు. పేరుకు కాదు. లెక్కలోంచి తీసేయండి."

ముప్పై ఏడు, ముప్పై ఏడు. రెండు నిమిషాల్లో అయ్యగారి ఫోన్! మూడు నెలల్లో నాకు చేయడం అదే మొదటిసారి.

"ఏం పనిది బ్రదర్? బ్యానర్ ప్రింటుకు పోయిందాయె!"

"అయ్యగారూ, ఆగమ్మ కాలు ఇరిగిందట. పోదాం రాండ్రి."

"అయ్యో, గట్లనా! తప్పక ప్రార్థన జేస్త. ముందుగాల మీ ఆమెన్ సంగతి జెప్పుండ్రి. అందరు పరేషాన్ అయితున్రు."

"దాన్ని ఇచ్చి రానీకే పోతున్న అయ్యగారూ" అన్నాను.

ఈలోగా నిర్మలమ్మ స్టూలు ఎక్కి వంటింటి అటక మీద నుంచి ఒక స్టీలు గిన్నె దించింది. అంచు మీద చుక్కచుక్కగా చెక్కిన పేరు: ఆగమ్మ.

నేను తలెత్తలేకపోయాను. కరోనాలో మేమిద్దరం పడిపోయినప్పుడు మా సందులోకి అడుగుపెట్టినవాడు లేడు. ఆగమ్మ మూతికి కొంగు కట్టుకుని పదకొండు రోజులు మా గేటు దగ్గర ఆ గిన్నెలో జొన్న జావ పెట్టి, "తాగుండ్రి నాయినా" అని అరిచి పోయేది. ఆఖరి రోజు గిన్నె మా దగ్గరే ఉండిపోయింది. ఒకరి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా! ఏదైనా మంచిది వండినప్పుడు నింపి ఇద్దామనుకున్నాం. ప్రతి క్రిస్మస్‌కూ అనుకున్నాం. మర్యాద తప్పకుండా, ఇన్నేళ్ళూ ఇవ్వకుండానే ఉన్నాం.

ఆ సాయంత్రం నిర్మలమ్మ ఎముకలకు బలమని మేక కాళ్ళ పాయ వండి, గిన్నె నిండా పోసింది. ఇద్దరం నడిచి వెళ్ళాం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

పాట పాడాం. నిర్మలమ్మ శ్రుతి తప్పింది, నేను రెండో చరణం మరిచిపోయాను, మంచం మీద నుంచి ఆగమ్మ అందించింది. చివర ముగ్గురం ఆమెన్ అన్నాం. అక్కడ నా ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

"గ్రూపుకు పేరు దొరికిందా నాయినా?" అని అడిగింది.

"లేదవ్వా. సమానమైంది. మళ్ళ ఉపవాసమట."

"అయ్యో పాపం, గన్ని దినాలు ఉపాసమా!" అని జాలిపడింది.

నిర్మలమ్మ గిన్నె అందించింది. ఆగమ్మ అంచు మీద బొటనవేలు తిప్పి, అక్షరాల దగ్గర ఆపింది.

"నా గిన్నే గద! గిన్నేండ్లు యాడవోయింది?"

"మా ఇంట్లనే ఉండె అవ్వా. ఒట్టి గిన్నె ఇయ్యొద్దని ఆపినం" అన్నాను.

"ఒట్టిగనే తేవాల్సుండె నాయినా" అంది, గిన్నెను తలగడ పక్కన పెట్టుకుంటూ. "నేను గిన్నె కోసం ఎదురు సూసిన్నా?"